నువ్వులుండగా రోజ్‌మేరీ ఎందుకు

మా మేనకోడలు నరసరావుపేట దగ్గర చిన్న గానుగ పెట్టుకుంది. వేరుశనగ, నువ్వులు, కొబ్బరి ఆడిస్తుంది. ఊళ్ళో అమ్ముడుపోగా మిగిలింది హైదరాబాదుకీ బెంగళూరుకీ పార్సిళ్ళలో వెళ్తుంది. ఎండాకాలంలో వేరుశనగ నూనె తొందరగా కనరు వాసన వస్తోందని ఈమధ్య ఒకరిద్దరు ఫోన్ చేసి చెప్పారట. సరిగ్గా అదను చూసుకుని ఒక సప్లయర్ దిగాడు. రోజ్‌మేరీ ఆకుల సారం, నూనెలో ఇట్టే కలిసిపోయే రకం, కాస్త వేస్తే చాలు, నిలవ రెట్టింపు అవుతుంది, పైగా వంద శాతం ప్రకృతి సిద్ధం. ఆ బ్రోచర్‌ని ఫోటో తీసి నాకు పంపి, "మావయ్యా, కలపమంటావా వద్దంటావా, ఒక్క ముక్కలో చెప్పు" అంది.

ఒక్క ముక్కలో వద్దన్నాను. తనకు నచ్చలేదు. "నూనె మిల్లుల ల్యాబుల్లో పనిచేసినవాడివి, ఆకు సారాన్ని నువ్వే వద్దంటే ఎట్లా? పోనీ 319 వెయ్యమంటావా?" అని ఎదురడిగింది.

ఆ ఎదురుప్రశ్నే నాచేత ఈ పోస్టు రాయిస్తోంది. నూనె నిలవ గురించి ఎవరితో మాట్లాడినా మాట రెండు దారుల్లోకే పోతుంది. ఒకటి ప్యాకెట్ వెనక సన్న అక్షరాల్లో ఉండే ఐఎన్ఎస్ 319, అంటే టీబీహెచ్‌క్యూ, నూనె కనరు పట్టకుండా కలిపే కృత్రిమ యాంటీఆక్సిడెంట్. రెండోది ఏదో ఒక మొక్క సారం. ఒకటి విషమట, ఇంకోటి అమృతమట. వీటిలో ఏది కలపాలన్న దగ్గరే తగువు. నూనెను కాపాడేది బయటి నుంచి తెచ్చి కలిపేదే అయ్యుండాలన్న సంగతి మాత్రం ఇరుపక్షాలూ నోరెత్తకుండా ఒప్పేసుకున్నాయి. నా పేచీ అక్కడ. మొక్కల యాంటీఆక్సిడెంట్లు బాగా పనిచేస్తాయి, అందులో నాకు సందేహం లేదు. అయితే మన వంటిళ్ళకీ మన గానుగలకీ అవి సీసాలో కొనితెచ్చుకోవాల్సిన సరుకు కాదు. చాలావరకు గింజతోనే వస్తాయి. కొన్ని గింజలతో మరీ ఎక్కువగా వస్తాయి.

మొదట్లో ఏమీ కాదు, తర్వాత ఆగదు

నూనె రోజుకింత చొప్పున పాడైపోతే మనకు తెలిసేది. అది అలా చెయ్యదు. వారాలు, నెలలు ఏమీ కానట్టే ఉంటుంది. ఆ కాలమంతా గాలిలోని ఆక్సిజన్ కొవ్వు ఆమ్లాల మీదికి వస్తూనే ఉంటుంది, నూనెలోని యాంటీఆక్సిడెంట్లు కాపలావాళ్ళలా ఆ దెబ్బలు తాము తింటూ ఒక్కటొక్కటిగా ఖర్చైపోతుంటాయి. ఆఖరివి అయిపోయాక ఇక అడ్డూఆపూ ఉండదు. నిన్న బాగున్న డబ్బా ఇవాళ వాసన కొట్టడం అందుకే. బయటి నుంచి యాంటీఆక్సిడెంట్ కలిపినా అది చేయగలిగింది ఆ మొదటి ప్రశాంత కాలాన్ని సాగదీయడం ఒక్కటే. పాడైపోయిన నూనెను అది బాగుచేయలేదు. వాసన వస్తున్న నూనెలో కరివేపాకు వేయించి వడకడితే వాసన కాస్త మరుగున పడుతుంది, నూనె మారదు.

ఏ నూనె ఎంత తొందరగా పాడవుతుందన్నది అందులోని కొవ్వు ఆమ్లాలను బట్టి ఉంటుంది. ఓలీక్ ఆమ్లం ఆక్సిజన్‌తో కలిసే వేగం 1 అనుకుంటే లినోలీక్‌ది 10 నుంచి 12, లినోలెనిక్‌ది 25 దాకా. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో 60 శాతం, ఆ పైన లినోలీకే. వేరుశనగ నూనెలో మూడోవంతు అటూఇటూ. నువ్వుల నూనెలో 40 శాతం దాటి ఉంటుంది. ఈ లెక్కన నువ్వుల నూనె వేరుశనగ నూనె కంటే ముందు చెడిపోవాలి. చెడిపోదు. ఎందుకో కింద చెప్తాను, నా వాదనంతా దానిమీదే నిలబడింది.

ఈలోగా "నిలవ రెట్టింపు" అన్న మాట సంగతి చూద్దాం. ఇలాంటి మాటల వెనక తరచుగా ఉండేది నూనెను 110 డిగ్రీల దగ్గర ఉంచి గాలి ఊదుతూ చేసే యంత్ర పరీక్ష. రెండు నమూనాల్ని పక్కపక్కన పోల్చడానికి మంచి పరీక్షే. దాని ఫలితం గంటల్లో వస్తుంది. ఆ గంటలు రెట్టింపైతే, కిరాణా కొట్టు అరలో ఎండ తగులుతూ కూర్చున్న సీసాకు నెలలు కూడా రెట్టింపవుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. వేడిలో పాడయ్యే దారి వేరు, వెలుతురులో పాడయ్యే దారి వేరు.

నేను పనిచేసిన ఒక మిల్లులో ఒకసారి ట్యాంకర్ నూనె తిప్పి పంపించాం. వ్యాపారి పరీక్ష కాగితం పట్టుకుని వచ్చాడు. నూనె ఆక్సిజన్‌తో కలిసినప్పుడు మొదట పుట్టే పెరాక్సైడ్లను కొలిచే పెరాక్సైడ్ విలువ 4. శుద్ధి చేసిన నూనెకు 10 దాకా ఉండొచ్చు. "కాగితం ఇంత బాగుంటే మీ ముక్కుతో నాకేం పనండీ" అని తగువు. మూత తీస్తే గుప్పుమంటోంది. జరిగిందేమంటే, పెరాక్సైడ్లు కొంతకాలం పెరుగుతాయి, తర్వాత అవే విరిగి ఆల్డిహైడ్లవుతాయి. కనరు వాసన ఆ ఆల్డిహైడ్లదే. అంటే తక్కువ అంకె వచ్చిందంటే ఆ నూనె కొత్తదైనా అయ్యుండాలి, పెరాక్సైడ్ల దశ దాటిపోయిన పాతదైనా అయ్యుండాలి. ఆల్డిహైడ్లను పట్టిచ్చే అనిసిడిన్ విలువ కూడా చూపించాక ఆయన చల్లబడ్డాడు. ఏ ఒక్క అంకెనో చూపించి నూనె నిలవ గురించి మాట్లాడేవాళ్ళు ఎదురైనప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

319 మీద నా మాట

టీబీహెచ్‌క్యూను అమెరికా 1972లో అనుమతించింది. ఐరోపా దేశాలు చాలా ఆలస్యంగా, 2006లో అనుమతించాయి. జపాన్ అనుమతించదు. మన దగ్గర పరిమితి కిలో నూనెకు 200 మిల్లీగ్రాములు, అంటే 15 కిలోల డబ్బాకు 3 గ్రాములు. ఆ మోతాదులో దాన్ని విషమని పిలవడానికి నాకు ఆధారం కనిపించలేదు. అలాగని దాన్ని వెనకేసుకొచ్చేంత ప్రేమా లేదు. నల్లసముద్రం తీరం నుంచి ఓడలో వచ్చి, రేవులో ట్యాంకుల్లో నిలబడి, రిఫైనరీకి పోయి, గోడౌన్లో పడుండి, ఆఖరికి మన వీధి కొట్టుకు చేరే పొద్దుతిరుగుడు నూనెకు అలాంటి కాపలా అవసరమే. నరసరావుపేటలో ఆడించి నెలలోపు వాడేసే నూనెకు దానితో పనేముంది?

దాని అన్న, ఇంకో కృత్రిమ యాంటీఆక్సిడెంట్ అయిన బీహెచ్ఏ చరిత్ర కొంచెం మసకగానే ఉంది. ఎలుకల పూర్వ జఠరంలో కణితులు వచ్చాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకం కావచ్చన్న 2బి గుంపులో పెట్టింది. మనుషులకు ఆ అవయవమే లేదు కదా అన్నది ఎదుటివాళ్ళ వాదన. రెండూ నిజమే. జనం మొక్కల వైపు మొగ్గడానికి ఈ అనుమానం చాలు, దాన్ని నేను తప్పు పట్టను.

కానీ మొక్క అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండొచ్చా? ఈ రంగంలోనే జరిగిన ఒక సంగతి చెప్తాను. అమెరికా ఎడారుల్లో లారియా అనే పొద ఒకటుంది, జిగురు జిగురుగా, ఘాటు వాసనతో ఉంటుంది. దాని ఆకుల్లోంచి తీసిన ఎన్‌డీజీఏ అనే పదార్థాన్ని 1940ల నుంచి కొవ్వులు, నూనెలు కనరు పట్టకుండా వాడారు. పూర్తిగా మొక్క సరుకే, పనితనానికీ వంక లేదు. ఎలుకలకు మూత్రపిండాల్లో తిత్తులు వస్తున్నాయని తేలాక 1960ల చివర్లో అమెరికా ప్రభుత్వం దాన్ని సురక్షిత పదార్థాల జాబితాలోంచి తీసేసింది. ఆకులోంచి వచ్చిందన్న ఒక్క మాటతో భద్రత తేలిపోతే ఆ పరీక్షలు చేయాల్సిన పనే ఉండేది కాదు.

రోజ్‌మేరీకి అలాంటి మచ్చ లేదు. దాన్ని ఇ 392 పేరుతో ఐరోపా 2010లో అనుమతించింది. పనిచేసేవి కార్నోసిక్ ఆమ్లం, కార్నోసాల్ అనే రెండు పదార్థాలు. వేపుడు వేడిని కూడా కొంతవరకు తట్టుకుంటాయి. ఆకును అసిటోన్‌తోనో ఆల్కహాల్‌తోనో, ఒత్తిడిలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌తోనో కడిగి, వాసన తీసేసి, కొలత ప్రకారం చిక్కబరిచి సీసాలో పోస్తారు. అలా చేయడంలో తప్పేం లేదు, అలా చేయకపోతే ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ పొంతనే ఉండదు. కాకపోతే అది ఫ్యాక్టరీ సరుకు. తోటలో కోసుకొచ్చిన రెమ్మ బొమ్మ బ్రోచర్ మీదే ఉంటుంది.

ఇవన్నీ పక్కన పెట్టినా మా మేనకోడలికి ఒక అడ్డంకి ఉంది. చల్లటి పద్ధతిలో పిండిన నూనెల్లో, వర్జిన్ నూనెల్లో ఏ సంకలితమూ కలపకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు తయారుచేసే కోడెక్స్ చెప్తుంది. ఐరోపాలో ఇ 392 అనుమతి కూడా వర్జిన్ నూనెల్ని మినహాయించే ఇచ్చారు. గానుగ నూనె కొనేవాడు డబ్బు పెడుతున్నదే ఏమీ తీయని, ఏమీ కలపని నూనె కోసం. అందులో చుక్క వేశాక అది వేరే సరుకైపోతుంది.

తీసేదీ వాళ్ళే, అమ్మేదీ వాళ్ళే

శుద్ధి కర్మాగారంలో ఆఖరి మెట్టు వాసన తీయడం. 200 డిగ్రీలు దాటిన వేడిలో, గాలి తీసేసిన గదిలో, నూనెలోంచి ఆవిరి పంపిస్తారు. వాసనతో పాటు విటమిన్ ఇ కుటుంబానికి చెందిన టోకోఫెరాల్స్ కూడా కొంత ఎగిరిపోతాయి. ఎగిరింది వృథాగా పోనివ్వరు, చల్లబరిచి పడతారు. సహజ విటమిన్ ఇ మాత్రలకు ముడిసరుకు ముఖ్యంగా అదే, ఎక్కువగా సోయా నూనెది. అందులోంచి తీసిన టోకోఫెరాల్స్‌నే "సహజ యాంటీఆక్సిడెంట్" అని మళ్ళీ నూనెల కంపెనీలకు అమ్ముతారు. ఈ వ్యాపారం తెలివికి ఆశ్చర్యపోవాలో నవ్వాలో నాకు ఎప్పుడూ తెలియలేదు.

తవుడు నూనెది ఇంకా విచిత్రం. అందులో ఒరిజనాల్ అనే రక్షకం ముడి నూనెలో శాతం పైనే ఉండొచ్చు. క్షారంతో శుద్ధి చేస్తే అందులో చాలా భాగం సబ్బు మడ్డిలోకి పోతుంది. ఆవిరి పద్ధతిలో చేస్తే నిలుస్తుంది. ఆ పద్ధతికి వీలుగా తవుడు నూనెలోని జిగురును ఎంజైములతో తీసే విధానాన్ని తయారుచేసింది మన హైదరాబాదులోని రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ ఐఐసీటీయే. గింజలో ఉన్నది పోకుండా నూనె తీయడమంటే ఇలాంటి పని. బయటి నుంచి సారం తెచ్చి కలపడంతో పోలిస్తే దీనికి పేరు రాదు, బ్రోచర్ మీద బొమ్మా ఉండదు.

ఇంతమాత్రాన రిఫైనరీని తిట్టి గానుగకు హారతి పట్టమని కాదు. శుద్ధిలో పోయేవాటిలో పోవాల్సినవీ చాలా ఉన్నాయి. రాగి, ఇనుము అణువులు, తేమ, విడి కొవ్వు ఆమ్లాలు, అప్పటికే పుట్టిన పెరాక్సైడ్లు. బూజు పట్టిన వేరుశనగ కాయ ఆడిస్తే అఫ్లాటాక్సిన్ నూనెలోకి వస్తుంది, క్షారంతో శుద్ధి చేస్తే అది పోతుంది. గానుగలో పోయే దారి లేదు. గానుగవాడు కాయను ఏరి వేయడం ఒక్కటే దిక్కు. "చెక్క గానుగ" అని బోర్డు కట్టిన ప్రతి కొట్టులోనూ ఆ ఏరుడు జరుగుతోందని నేను అనుకోను.

నేతిలో మునగాకు

ఆకులు వద్దంటే మా అక్కయ్య ఊరుకోదు. వెన్న కాచేటప్పుడు మునగాకు వేస్తాం కదరా, మన అమ్మమ్మలు తెలివితక్కువవాళ్ళా అంటుంది. కాదు. కొందరు తమలపాకు వేస్తారు, కొందరు కరివేపాకు. తమలపాకులోని హైడ్రాక్సీచావికాల్, కరివేపాకులోని కార్బజోల్ ఆల్కలాయిడ్లు యాంటీఆక్సిడెంట్లే. ఈ ఆకులు వేసి కాచిన నెయ్యి ఎక్కువ రోజులు ఆగుతుందా అని మన పాడి శాస్త్రవేత్తలు 1970ల్లోనే పరీక్షించి చూశారు, మేలు ఉందన్నారు.

అయినా వంటింట్లో మునగాకు చేసే పెద్ద పని ఇంకోటి అని నా అభిప్రాయం. ఆకు చిటపట ఆగి, గలగలలాడేటట్టు అయిందంటే వెన్నలో నీరు పోయిందని గుర్తు. అప్పుడే దించుతాం. నీరు మిగిలిన నెయ్యి వాసన రావడానికి ఏ యాంటీఆక్సిడెంటూ అడ్డుపడలేదు, ఎందుకంటే అది ఆక్సిజన్ వల్ల వచ్చే చెడు కాదు, నీటి వల్ల కొవ్వు విరగడం. అడుగున మిగిలే గసిలో కూడా నేతిని కాపాడే పదార్థాలుంటాయి. అన్నిటికీ మించి నేతిలో తొందరగా పాడయ్యే లినోలీక్ లాంటి ఆమ్లాలు అసలే కొద్ది. ఇన్ని అనుకూలతల మధ్య పనిచేసిన ఆకును తీసుకెళ్ళి పొద్దుతిరుగుడు నూనె సీసాలో వేస్తే అదే ఫలితం ఎట్లా వస్తుంది?

రాకపోగా ఎదురు తన్నే ప్రమాదం ఒకటుంది. ఆకుపచ్చ ఆకు నూనెలో నానితే క్లోరోఫిల్ దిగుతుంది. చీకట్లో ఉంటే దానివల్ల ఇబ్బంది లేదు. వెలుతురు తగిలితే మాత్రం క్లోరోఫిల్ ఆ శక్తిని ఆక్సిజన్‌కు అందించి దాన్ని మహా చురుకైన రూపంలోకి మారుస్తుంది. మామూలు ఆక్సిజన్ కంటే అది లినోలీక్ ఆమ్లం మీద వెయ్యి రెట్లకు పైగా వేగంగా పనిచేస్తుంది. మామూలుగా ఉండే ఆ ప్రశాంత కాలం కూడా దీనికి అక్కర్లేదు. ఎండిన మునగాకు వేసిన నూనె పారదర్శకమైన సీసాలో కిటికీ దగ్గర పెడితే, ఆకులోని మంచి ఓడిపోయి ఆకులోని రంగు గెలవొచ్చు. సారాలు తయారుచేసేవాళ్ళు రంగు కూడా తీసేయడానికి తంటాలు పడేది అందుకే.

నువ్వుల లెక్క

లినోలీక్ ఇంత ఉన్నా నువ్వుల నూనె ఎందుకు ఆగుతుంది? అందులో సెసమిన్, సెసమోలిన్ అనే లిగ్నాన్లున్నాయి, అంటే గింజలో సహజంగా ఉండే ఒక రకం పదార్థాలు. రెండూ కలిపి నూనెలో అర శాతం నుంచి ఒక శాతం దాకా ఉండొచ్చు. 319కి పరిమితి 0.02 శాతమని గుర్తుంచుకుంటే ఇది ఎంత పెద్ద నిలవో అర్థమవుతుంది. ఒక మెలిక కూడా ఉంది. ఈ రెండూ ఉన్నవి ఉన్నట్టుగా అంత గట్టి కాపలాదారులు కావు. వేడి తగిలితే సెసమోలిన్ విరిగి సెసమాల్ అవుతుంది, అసలు వీరుడు అతను. వేయించిన నువ్వుల నూనె పచ్చి నువ్వుల నూనె కంటే ఎక్కువ ఆగడానికి అదొక కారణం. వీటికి తోడు నువ్వుల్లో ఎక్కువగా ఉండే గామా టోకోఫెరాల్, నూనెను కాపాడే పనిలో పొద్దుతిరుగుడులోని ఆల్ఫా రకం కంటే మెరుగు.

ఆవకాయకు నువ్వుపప్పు నూనె పోయడం రుచి కోసమే అనుకునేవాళ్ళకు ఇది చెప్పాలనిపిస్తుంది. ఆ వెంటనే ఎవరో ఒకరు, మా వైపు వేరుశనగ నూనె పోస్తాం, మాదీ ఏడాది ఉంటుంది అంటారు. నిజమే. జాడీ వెలుతురు రానివ్వదు, పైన తేలే నూనె ముక్కకు గాలి తగలనివ్వదు, ఆవపిండిలో సినాపిక్ ఆమ్లం ఉంది, మిరప ఎరుపులోని కెరోటినాయిడ్లున్నాయి. ఇంతమంది మోస్తున్న బరువులో నువ్వుల వాటా ఇంత అని విడదీసి చెప్పలేం. కానీ ఇదంతా వంటింటి సరుకే. ఒక్కటీ సారం సీసాలోంచి రాలేదు.

అందుకే నాకు సరైన దారిగా తోచేది నూనెకు నూనెనే కాపలా పెట్టడం. పొద్దుతిరుగుడు నూనెలో ఐదోవంతు నువ్వుల నూనె కలిపితే ఒంటరి పొద్దుతిరుగుడు నూనె కంటే ఎక్కువ కాలం ఆగుతుంది. తవుడు నూనె కలిపినా మేలే. మన చట్టం కూడా దీనికి దారి ఇచ్చింది. రెండు నూనెలు కలిపి అమ్మొచ్చు, ఏదీ 20 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంతో లేబుల్ మీద వేయాలి. ఇంట్లో అయితే లేబుల్ గొడవా లేదు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. నువ్వుల నూనె ఖరీదు. దాని వాసన పూరీకి సరిపోతుందేమో, ఐదోవంతే అయినా బొబ్బట్టులో పడనివాళ్ళున్నారు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులు కూడా లేబుల్ మీద తప్పక చెప్పాల్సిన అలర్జీ పదార్థమయ్యాయి, కాబట్టి అక్కడికి చెక్కలూ జంతికలూ పంపేవాళ్ళు ఏ నూనెలో వేయించారో దాచకూడదు. వేపుడు మూకుట్లో అయితే ఏ లిగ్నాన్ అయినా చేయగలిగింది కొంతే. వాడిన నూనెలో మొత్తం పోలార్ పదార్థాలు, అంటే నూనె కాగి కాగి విరిగినప్పుడు పుట్టేవి, 25 శాతం దాటితే పారబోయాలని ఆహార భద్రతా సంస్థ పెట్టిన నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. నువ్వుల నూనె కలిపాం కదా అని ఆ మూకుడు ఇంకో వారం నడపడానికి లేదు. నిన్నటి నూనెలో ఇవాళ కొత్త నూనె పోసి నింపుకోవడమూ అంతే, పాతదాంట్లోని పెరాక్సైడ్లు కొత్తదాన్ని కూడా అంటిస్తాయి.

నాకున్న అసలు సందేహం వేరే. లిగ్నాన్లు అన్ని నువ్వుల్లో ఒకేలా ఉండవు, రకాన్ని బట్టి చాలా తేడా వస్తుంది. ఎలమంచిలి పరిశోధన కేంద్రం గౌతమ, శారద లాంటి మంచి రకాలు ఇచ్చింది. రైతు వాటిని దిగుబడి, గింజ రంగు, తెగులు తట్టుకునే గుణం చూసి వేస్తాడు. లిగ్నాన్ ఎంతని మార్కెట్లో అడిగేవాడు లేడు. కాబట్టి నువ్వుల నూనె ఏదైనా ఒకటేనని నేను హామీ ఇవ్వలేను. కొలిచి పోసే సారం ఈ విషయంలో నిజంగానే మెరుగు, ఎంత కలిపితే ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. అవిసె నూనె, చేప నూనె లాంటివి అమ్మేవాళ్ళకు, పెద్ద రిఫైనరీలో 319 మానేద్దామనుకునేవాళ్ళకు రోజ్‌మేరీ సరైన సరుకే. సప్లయర్ వాళ్ళ దగ్గరికి వెళ్తే నేను అడ్డం చెప్పను.

కిటికీలో సీసాలు

మా మేనకోడలి వేరుశనగ నూనె సంగతికి వస్తే, అందులో నువ్వుల నూనె కలపమని కూడా నేను అనలేదు. కలిపితే అది మిశ్రమ నూనె అవుతుంది, దానికి అనుమతులు వేరు, కొనేవాళ్ళూ వేరు. ముందు గానుగ చూడ్డానికి వెళ్ళాను.

కొట్టు ముందు భాగమంతా అద్దం. అద్దం వెనక తెల్లటి ప్లాస్టిక్ సీసాల్లో బంగారు రంగు నూనె వరసగా పేర్చి ఉంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నేరుగా ఎండ. చూడ్డానికి మహా అందంగా ఉంది. లోపల మడ్డి దిగడానికి పెద్ద గిన్నెల్లో నూనె మీద పల్చటి గుడ్డ కట్టి డాబా మీద ఎండలో పెడుతున్నారు. పాతకాలం నుంచి ఉన్న పద్ధతే, నూనెలోని తేమ పోవడానికి పనికొస్తుంది, కానీ వెలుతురు దెబ్బ అక్కడే మొదలవుతోంది. నూనె పట్టే డబ్బాల్ని కడగకుండానే మళ్ళీ నింపుతున్నారు, అంచున పాత నూనె జిగురుగా కట్టి ఉంది.

"నల్ల సీసాలో పోస్తే ఎవరు కొంటారు మావయ్యా? రంగు చూసే కదా కొనేది" అంది. ఈ మాటను తేలిగ్గా తీసేయలేను. గానుగ నూనె మీద నమ్మకం కళ్ళతోనే మొదలవుతుంది. కల్తీ భయంతో పెద్ద కంపెనీని వదిలి వచ్చినవాడు నూనెను చూడాలనుకుంటాడు, రేకు డబ్బాలో ఏముందో వాడికేం తెలుసు? అందుకని ఒకే రోజు ఆడించిన నూనెను రెండు సీసాల్లో పోయించి, ఒకటి అద్దం వెనక, ఇంకోటి అల్మరాలో పెట్టించాను. కొన్నాళ్ళ తర్వాత రెండింటికీ పెరాక్సైడ్ పరీక్ష చేయించింది. అద్దం వెనకది చల్లటి పద్ధతి నూనెలకు కోడెక్స్ పెట్టిన 15 పరిమితిని దాటిపోయింది, అల్మరాలోది చాలా కింద ఉంది. రెండూ ఒకే గింజ, ఒకే గానుగ. ఆ తేడా చూశాక రోజ్‌మేరీ మాట తను మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు ముందు అద్దంలో ఒక్క నమూనా సీసా ఉంటుంది, అమ్మేది రేకు డబ్బాల్లో. మడ్డి దించడం మూతపెట్టిన స్టీలు పీపాల్లో, నీడలో. కాయను ఏరడానికి ఇద్దరు ఆడవాళ్ళను పెట్టుకుంది. విరిగిన పప్పులో, పుచ్చు పప్పులో విడి కొవ్వు ఆమ్లాలు ముందే ఎక్కువగా ఉంటాయి, అవి నూనెలోకి వస్తే కనరు తొందరపడుతుంది. ఖర్చు పెరిగింది. లీటరు ధర పెంచితే కొందరు మానేశారు. ఐదు లీటర్ల క్యాన్ తీసేసి లీటరు, రెండు లీటర్లే ఉంచమన్నాను, ముగ్గురున్న ఇంట్లో ఐదు లీటర్లు అయ్యేసరికి మూత ఎన్నిసార్లు తీస్తారో. ఆ మాట మాత్రం వినలేదు, క్యాన్ మీదే తనకు గిట్టుబాటట.

ఇంకో దారి ఉంది, దానిమీద నాకు అన్నిటికంటే ఆశ ఎక్కువ. అసలు తొందరగా పాడవని వేరుశనగనే పండించడం. పటాన్‌చెరు ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 అనే రకాలు తెచ్చాయి. వీటి నూనెలో ఓలీక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది, లినోలీక్ బాగా తగ్గిపోతుంది. పైన చెప్పిన 1, 10, 25 లెక్క ఇక్కడ మన పక్షాన తిరుగుతుంది. అందులో ఏమీ కలపక్కర్లేదు, ఏమీ తీయక్కర్లేదు.

చిక్కల్లా మార్కెట్ యార్డులో. అనంతపురం, కర్నూలు వైపు రైతులు కే6, కదిరి లేపాక్షి లాంటివి వేస్తారు, దిగుబడి చూసుకునో, వాన ఎగ్గొట్టినా నిలబడుతుందనో. కొనేవాడు పప్పు శాతం, తేమ చూస్తాడు, అన్నీ ఒకే కుప్పలో పోస్తాడు. ఓలీక్ ఎక్కువున్న కాయకు విడిగా ధర లేదు, అందువల్ల విడిగా పండించేవాడూ అరుదు. విత్తనం దొరికితే వచ్చే రబీలో ఇద్దరు రైతులతో వేయించి, ఆ కాయను విడిగా ఆడించాలని మా మేనకోడలి ఆలోచన. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, క్వింటాకు ఎంత ఎక్కువిస్తావమ్మా అని. తను ఇంకా లెక్క వేస్తోంది.